ఆసుపత్రిలో యాక్సెస్ ప్యానెళ్లు: అన్ని చోట్లా ఒకే రకం పెట్టవచ్చా?

కొత్త_డ్రాయింగ్
అందరికీ నమస్కారం. ఆరంతస్తుల ఆసుపత్రి భవనం పనిలో ఉన్నాను. బీఓక్యూలో (పనులు, సామాన్ల పరిమాణాల పట్టికలో) యాక్సెస్ ప్యానెళ్ల గురించి, అంటే సీలింగ్, గోడల వెనక ఉన్న పైపులు, వాల్వులు అందుకోవడానికి పెట్టే చిన్న తలుపుల గురించి, ఉన్నది ఒకే ఒక్క లైను: "600 × 600 మి.మీ., స్టీల్ షీటు, తెల్ల పౌడర్ కోటింగ్, 140 నంబర్లు." ఓటీలకూ (ఆపరేషన్ థియేటర్లకూ) అదే, ఐసొలేషన్ గదులకూ అదే, ఎక్స్‌రేకీ అదే, మానసిక చికిత్స వార్డుకీ అదే. ఏదో ఆఫీసు భవనం టెండరులోంచి ఆ లైను అలాగే దిగిపోయిందని నా అనుమానం.

సీనియర్లను అడిగితే "చిన్న ఐటమ్ కదా, చివర్లో చూద్దాం" అంటున్నారు. కానీ సీలింగ్ డ్రాయింగ్ వచ్చే వారం ఫైనల్ అవుతుంది. సీలింగ్‌కు జిప్సమ్ బోర్డు బిగించాక మళ్లీ దాని జోలికి ఎవరూ వెళ్లరు. ఎక్కడ ఏ రకం పెట్టాలి, దేన్ని బట్టి నిర్ణయించాలి? చాలా టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

షాఫ్ట్_కీపర్
ఇప్పుడే అడిగారు, మంచి పని చేశారు. ఇరవై రెండేళ్లుగా ఆసుపత్రుల మెయింటెనెన్స్‌లో ఉన్నాను. డిజైన్ దశలో ఈ ప్రశ్న వేసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ముందు క్యాటలాగ్ పక్కన పెట్టేయండి. డ్రాయింగ్ మీద ఒక్కో ప్యానెల్ పక్కన మూడు సంగతులు రాయండి. వెనక ఏముంది? ఎవరు, ఎన్నాళ్లకోసారి తెరుస్తారు? తెరిచినప్పుడు కింద ఎవరుంటారు? ఆసుపత్రికి మూడోదే ముఖ్యం. ఆఫీసులో అయితే కుర్చీ జరిపి నిచ్చెన వేస్తాం. ఇక్కడ కింద వెంటిలేటర్ మీద మనిషి ఉంటాడు.

నాకు ఎదురైంది ఒకటి చెప్తాను. ఒక ఐసీయూలో చిల్డ్ వాటర్ లైను (ఏసీకి చల్లటి నీళ్లు తెచ్చే పైపు) వాల్వు సరిగ్గా నాలుగో బెడ్ నెత్తిన ఉంది. ప్యానెల్ కూడా అక్కడే. ఒకరోజు అర్ధరాత్రి ఆ వాల్వు గ్లాండ్ (కాడ చుట్టూ నీళ్లు కారకుండా బిగించే భాగం) దగ్గర చుక్క చుక్కగా కారడం మొదలైంది. ప్యానెల్ తెరవాలంటే పేషెంట్‌ను జరపాలి. పేషెంట్ జరగాలంటే వెంటిలేటరు, నాలుగు ఇన్ఫ్యూజన్ పంపులు, మానిటరు అన్నీ కలిసి కదలాలి. డ్యూటీ డాక్టరు, ఇద్దరు సిస్టర్లు, నేను, నా హెల్పరు కలిసి ట్యూబులు పట్టుకుని అంగుళం అంగుళం జరిపాం. నలభై నిమిషాలు పట్టింది. గ్లాండ్ బిగించడానికి పట్టింది రెండు నిమిషాలు. ఆ వాల్వును రెండు మీటర్లు ఇవతలికి, కారిడార్ మీదకి తెచ్చి ఉంటే ఆ రాత్రి మేమెవరం ఆ గదిలో అడుగు పెట్టే పనే లేదు.

అందుకే నా మొదటి సలహా: బెడ్ల మీద, ఆపరేషన్ టేబుళ్ల మీద పడుతున్న ప్యానెళ్లను ఎర్ర పెన్నుతో చుట్టండి. వాటికి ఇంకా మంచి ప్యానెల్ వెతకొద్దు. సర్వీసుల ఇంజినీర్లతో కూర్చుని ఆ వాల్వునో డాంపర్‌నో (గాలి డక్ట్‌లో ఉండే మూతనో) కారిడార్‌కో యుటిలిటీ గదికో మార్పించండి.

కొత్త_డ్రాయింగ్
చుట్టాను సార్. 140లో 31 బెడ్ల మీదే ఉన్నాయి. ఇప్పటిదాకా ఒక్కరం కూడా గమనించలేదు. రేపే ఎంఈపీ (ఏసీ, కరెంటు, ప్లంబింగ్ సర్వీసుల) వాళ్లతో మీటింగ్ అడిగాను.

ఇన్ఫెక్షన్_సిస్టర్
నేను ఇంజినీర్‌ను కాను, ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సును. మా వైపు నుంచి కొన్ని చెప్తాను.

సీలింగ్ పైన ఉండేది ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్ము. అందులో ఆస్పర్‌జిల్లస్ అనే బూజు బీజాలు ఉంటాయి, సైజు 2 నుంచి 3.5 మైక్రాన్లు, కంటికి కనబడవు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు రోజూ పీలుస్తూనే ఉంటారు, ఏమీ కాదు. ఎముక మజ్జ మార్పిడి అయిన పేషెంట్‌కు, కీమోలో ఉన్న పేషెంట్‌కు మాత్రం అదే ప్రాణాంతకమైన ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్. ఆసుపత్రిలో సీలింగ్ తెరిచే పనికి ముందు మా అనుమతి అడగమనేది అందుకే. పైన ఏదో చూడటానికి ఒక్క ప్యానెల్ తెరిచినా కింద ఎవరున్నారో, తర్వాత ఎవరు తుడుస్తారో ముందే తేలాలి.

మరొకటి, ప్యానెల్ అంచు. మేం తుడిచే గుడ్డ ప్యానెల్ అంచు దగ్గర ఆగకూడదు. ఒక ప్రొసీజర్ గదిలో ఫ్రేమ్ గోడ కంటే రెండు మూడు మిల్లీమీటర్లు ముందుకు ఉండేది. పై అంచు మీద ఎప్పుడు చూసినా బూడిదరంగు గీత. గుడ్డ పెడితే దారాలు అక్కడే చిక్కుకునేవి. స్క్రూ గాడిలో కూడా ఎండిపోయిన మురికి. అలాంటి చోట గోడకు సమానంగా కూర్చునేది, చుట్టూ సీలెంట్ పట్టీ వేసినది, ముఖం మీద గాడి లేని లాక్ ఉన్నది కావాలి.

ఐసొలేషన్ గదుల సంగతి ఎవరైనా ఇంజినీరు గారు చెప్పండి, నేను రీడింగులు చూసే మనిషిని మాత్రమే. రబ్బరు పట్టీ నలిగిపోయిన ప్యానెల్ ఉన్న గదిలో ప్రెషర్ అలారం మోగడం మాత్రం నాకు బాగా తెలుసు.

గాలి_లెక్క
సిస్టర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. లెక్కతో చూపిస్తాను.

ఆసుపత్రుల గాలి సరఫరాకు ఉన్న అమెరికన్ ప్రమాణం యాష్‌రే 170 ప్రకారం గాలి ద్వారా సోకే జబ్బుల ఐసొలేషన్ గదిలో గంటకు కనీసం 12 సార్లు గాలి మారాలి, ఒత్తిడి పక్క గది కంటే కనీసం 2.5 పాస్కల్ (ఒత్తిడి కొలత) తక్కువ ఉండాలి. ఓటీలో గంటకు 20 సార్లు, ఒత్తిడి ఎక్కువ వైపు. 2.5 పాస్కల్ అంటే చాలా చిన్న తేడా. తలుపు సందు దగ్గర పట్టుకున్న టిష్యూ కాగితం కాస్త వంగుతుంది, అంతే.

600 × 600 ప్యానెల్ చుట్టుకొలత 2.4 మీటర్లు. చుట్టూ 2 మి.మీ. సందు ఉంటే మొత్తం 48 చదరపు సెంటీమీటర్లు. అంటే సీలింగ్‌లో 7 సెం.మీ. × 7 సెం.మీ. కన్నం పెట్టి వదిలేసినట్టే. 2.5 పాస్కల్ దగ్గర ఆ సందులోంచి గంటకు దాదాపు 21 ఘనపు మీటర్ల గాలి పోతుంది. నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు గది అనుకుంటే దాని గాలిలో ఇది సుమారు 45 శాతం. ఒక్క ప్యానెల్‌కే ఇంత. ఐసొలేషన్ గదిలో ఒత్తిడి తక్కువ కాబట్టి ఆ గాలి పై నుంచి లోపలికి వస్తుంది, సిస్టర్ గారు చెప్పిన దుమ్ముతో సహా.

ఇలాంటి గదుల సీలింగ్ అతుకులు లేకుండా ఏకంగా ఉండాలి. వీలైతే అసలు ప్యానెలే వద్దు. తప్పదంటే గాస్కెట్ (సందు మూసే మెత్తటి పట్టీ) ఉన్నది పెట్టండి. క్లోజ్డ్ సెల్ నియోప్రీన్ లేదా సిలికాన్ పట్టీ, మూలల్లో తెగకుండా చుట్టూ ఒకే ముక్కగా ఉండాలి. మధ్యలో ఒకే ఒక్క గడియ ఉంటే మూలలు లేచి గాలి కారుతుంది, కాబట్టి అన్ని వైపులా సమానంగా నొక్కే గడియలు అడగండి. పట్టీని విడిగా మార్చుకునే వీలు ఉందా లేదా అన్నది కూడా కొనేముందే తేల్చుకోవాలి, ఎందుకంటే పట్టీ ప్యానెల్ కంటే చాలా ముందే పోతుంది.

సైట్_సూపర్
నాదొక ప్రశ్న. ఇంత తిప్పలు ఎందుకు? కారిడార్లు, వార్డులు అన్నిటికీ గ్రిడ్ సీలింగ్ వేసి టైల్స్ పెడితే ఎక్కడ కావాలంటే అక్కడ ఎత్తుకోవచ్చు కదా. ప్యానెల్ ఖర్చే ఉండదు.

ఇన్ఫెక్షన్_సిస్టర్
మామూలు కారిడార్లకు, ఆఫీసు గదులకు సరే అండి. ఓటీ, ఐసొలేషన్, ట్రాన్స్‌ప్లాంట్ గదులకు మాత్రం వద్దు. టైలు ఎత్తిన ప్రతిసారీ అంచు పొడి రాలుతుంది, తిరిగి పెట్టేటప్పుడు మూల విరుగుతుంది, విరిగిన టైలు అలాగే నెలల తరబడి ఉంటుంది. ఎక్కడ కావాలంటే అక్కడ ఎత్తుకునే వీలుంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎత్తేస్తారు, మాకు చెప్పరు. ప్యానెల్‌కు తాళం ఉంటే కనీసం తాళం చెవి కోసమైనా ఒకరిని అడగాలి.

సైట్_సూపర్
ఆ కోణం నాకు తట్టలేదు సిస్టర్. ఒప్పుకుంటున్నాను.

ఫైర్_లేబుల్
ఫైర్ విషయం ఇంకా ఎవరూ ఎత్తలేదు కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

గోడకు ఫైర్ రేటింగ్ (మంటను ఎంతసేపు ఆపుతుందో చెప్పే లెక్క) ఉంటే అందులో పెట్టే ప్యానెల్‌కూ ఉండాలి. మామూలు స్టీల్ షీటు ప్యానెల్ పెడితే రెండు గంటల గోడ కాస్తా కన్నం ఉన్న గోడ అవుతుంది. అమెరికన్ పద్ధతిలో రెండు గంటల గోడకు గంటన్నర రేటింగ్ ఉన్న తలుపు పెడతారు. యూరప్ పద్ధతిలో ఈ, ఐ అనే అక్షరాలు చూడాలి. ఈ అంటే మంట, వేడి వాయువులు దాటవు. ఐ అంటే అవతలి ముఖం మరీ వేడెక్కదు కూడా. ఈఐ 60 అంటే ఆ రెండూ 60 నిమిషాలు. రోగులను వెంటనే బయటికి తేలేని చోట నేను రెండక్షరాలూ ఉన్నదే అడుగుతాను, ఎందుకంటే ఎర్రగా కాలిన రేకు పక్కనుంచి స్ట్రెచర్ తీసుకెళ్లలేరు.

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. గోడకు పరీక్షించిన ప్యానెల్‌ను సీలింగ్‌లో పెట్టడం. యూఎల్ 10బీ, ఎన్ఎఫ్‌పీఏ 252 అనే అమెరికన్ పరీక్షలు (ఎన్ఎఫ్‌పీఏ అంటే అగ్ని భద్రత ప్రమాణాలు రాసే సంస్థ) ప్యానెల్‌ను గోడలో నిలువుగా బిగించి చేసేవి. ఫైర్ రేటింగ్ ఉన్న సీలింగ్‌కు ఏఎస్‌టీఎం ఈ119 లాంటి పరీక్షలో అడ్డంగా పెట్టి నెగ్గినది కావాలి. మంట కింద నుంచి నాకేటప్పుడు బరువు, వంపు, గడియ మీద పడే భారం అన్నీ మారిపోతాయి. లేబుల్ మీద ఏ రకం బిగింపుకు పరీక్ష చేశారో చదవండి.

రేటింగ్ ఉన్న ప్యానెల్ తనంతట తాను మూసుకుని గడియ పడేదిగా తీసుకోండి. మనిషి దూరేంత పెద్దది అయితే లోపలి నుంచి తెరిచే ఏర్పాటు తప్పనిసరి, షాఫ్ట్‌లో (పైపులు, కేబుళ్లు అంతస్తుల గుండా వెళ్లే నిలువు గూటిలో) మనిషి ఉండగా స్ప్రింగ్ తలుపు మూసుకుపోతే అతని గొంతు బయటికి వినబడదు. సైట్‌లో కేబుల్ కోసం ప్యానెల్‌కు కన్నం పెట్టారా, ఆ లేబుల్‌కు ఇక విలువ లేదు. లేబుల్ మీద రంగు కూడా వేయనివ్వకండి.

డాంపర్ల దగ్గరి ప్యానెళ్లు వేరే లెక్క. ఎన్ఎఫ్‌పీఏ 80 ప్రకారం ఫైర్ డాంపర్‌ను (మంట వస్తే డక్ట్‌ను మూసేసే మూతను) బిగించి ఏడాది గడిచాక ఒకసారి, ఆ తర్వాత ఆసుపత్రుల్లో ఆరేళ్లకోసారి పరీక్షించాలి. మిగతా భవనాల్లో నాలుగేళ్లకోసారి. పరీక్ష చేసేవాడి చెయ్యి ఫ్యూజబుల్ లింకు (వేడికి కరిగి డాంపర్‌ను మూసుకోనిచ్చే లోహపు ముక్క) దాకా అందాలి, లోపల బ్లేడు కదలడం కంటికి కనబడాలి. సీలింగ్ ప్యానెల్ ఒకచోట, డక్ట్‌కు ఉండే చిన్న తలుపు మరోచోట ఉంటే రెండూ దండగే. ఆ ప్యానెల్ మీద లోపల ఫైర్ డాంపర్ ఉందని కనీసం అర అంగుళం, అంటే 13 మి.మీ. ఎత్తు అక్షరాలతో శాశ్వతంగా రాసి ఉండాలి.

కొత్త_డ్రాయింగ్
మా డ్రాయింగ్‌లో షాఫ్ట్ గోడలన్నీ రెండు గంటలవే, కానీ ప్యానెల్ మామూలు రేకు. ఇది పెద్ద తప్పు, ఈరోజే రాతపూర్వకంగా పంపిస్తున్నాను. ఫైర్_లేబుల్ గారూ, చాలా థ్యాంక్స్.

సైజు గురించి కూడా చెప్పరా? అన్నీ 600 పెడితే సరిపోతుందనుకోవచ్చా?

షాఫ్ట్_కీపర్
సైజు చేతిని బట్టి, మనిషిని బట్టి. ఒక్క వాల్వు తిప్పడానికి 300 × 300 చాలు, కానీ వాల్వు ప్యానెల్‌కు చెయ్యి చాచినంత దూరంలోనే ఉండాలి. రెండు చేతులూ, ఒక పానా లోపలికి వెళ్లాలంటే 450. తల, భుజాలు దూరాలంటే 600 ఉండాలి, ఆక్చుయేటర్ (వాల్వును, డాంపర్‌ను తిప్పే మోటారు) విప్పి కిందికి దించాలన్నా అంతే. పెద్దది పెడితే మంచిదేగా అనుకోకండి. పెద్ద ప్యానెల్ అంటే పెద్ద చుట్టుకొలత, పెద్ద సందు, వేలాడే బరువు. గాలి_లెక్క గారి లెక్క మళ్లీ చూడండి.

తలుపు ఏ వైపుకు తెరుచుకుంటుందో కూడా గీయండి. ఒకచోట ప్యానెల్ తెరిస్తే లైటుకు తగిలి సగం దగ్గరే ఆగిపోయేది. నిచ్చెన కాళ్లు పడే జాగా కూడా నేల మీద గీసి చూసుకోండి.

నీళ్ల_లైను
ప్లంబింగ్ వైపు నుంచి. వాష్ బేసిన్ వెనక ఉండే మిక్సింగ్ వాల్వులను (వేడి నీళ్లు, చన్నీళ్లు కలిపేవాటిని) తరచూ తెరిచి చూడాలి, ఫిల్టర్ జాలీ కడగాలి, వేడి సరిచూడాలి. ఊపిరితిత్తులకు సోకే లెజియోనెల్లా బాక్టీరియా 20 నుంచి 45 డిగ్రీల మధ్య నీళ్లలో పెరుగుతుంది, వాడకంలో లేని పైపు ముక్కల్లో మరీను. అక్కడ స్క్రూలు తీసే మూత పెడితే టెక్నీషియన్ పదహారు స్క్రూలు తీయాలి. మూడోసారికి నాలుగు స్క్రూలే బిగిస్తాడు. నేనే చూశాను, మిగతా పన్నెండు కన్నాల్లోంచి సబ్బు నీళ్లు లోపలికి వెళ్లి జిప్సమ్ ఉబ్బిపోయింది. తరచూ తెరిచే చోట కీలు, గడియ ఉన్న తలుపు పెట్టండి. పదేళ్లకోసారి తెరిచే చోట స్క్రూ మూత చాలు.

బాత్రూముల్లో రేకు కింది అంచు దగ్గరే తుప్పు మొదలవుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు తీసుకోండి.

ఇన్ఫెక్షన్_సిస్టర్
స్టీలు మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మేం బ్లీచ్ ద్రావణంతో తుడుస్తాం. స్టీలు మీద కూడా గోధుమరంగు చుక్కలు వస్తున్నాయి. స్టెయిన్‌లెస్ అయినా ఎందుకు?

నీళ్ల_లైను
అది 304 గ్రేడు అయి ఉంటుంది మేడమ్. బ్లీచ్‌లోని క్లోరైడ్ దాని మీద చిన్న చిన్న గుంటలు పెడుతుంది. 316లో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, అందుకే క్లోరైడ్‌ను బాగా తట్టుకుంటుంది. అయినా బ్లీచ్ ఎండిపోయేదాకా వదలకుండా మంచినీళ్లతో తుడిపించండి. ఓటీ, ఐసొలేషన్, డర్టీ యుటిలిటీ (వాడిన, మురికి సామాను పెట్టే) గదులకు 316 అడగండి. మిగతా పొడి గదులకు జింక్ పూత ఉన్న రేకు మీద పౌడర్ కోటింగ్ చాలు.

వార్డు_భద్రత
మానసిక చికిత్స వార్డు గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. అక్కడ ప్యానెల్‌ను పని చేసేవాడి కళ్లతో కాకుండా, తనకు తాను హాని చేసుకోవాలనే స్థితిలో ఉన్న మనిషి కళ్లతో చూడాలి. బయటికి పొడుచుకొచ్చిన గడియ, హ్యాండిల్, కీలు ఏదీ ఉండకూడదు. తాడో దుప్పటి అంచో చిక్కించుకునే ఆధారం దొరకకూడదు. రేకు మందంగా ఉండాలి, వేళ్లు పెట్టి లాగినా వంగకూడదు. స్క్రూలు మామూలు స్క్రూ డ్రైవర్‌తో, నాణెంతో తిరగనివి, మధ్యలో పిన్ను ఉన్న రకం. చుట్టూ సందును గోటితో పీకలేని గట్టి సీలెంట్‌తో నింపాలి, మెత్తటి సిలికాన్‌ను తీగలా లాగేయవచ్చు. సీలింగ్ లోపల దాచుకునే జాగా దొరకడం కూడా ప్రమాదమే.

అన్నిటికంటే మంచిది, పేషెంట్ గదిలో, బాత్రూములో ప్యానెల్ లేకుండా చేసి స్టాఫ్ తిరిగే వైపు నుంచి తెరిచేలా పెట్టడం. పడకగది గోడ వెనకే సర్వీసు షాఫ్ట్ ఉంటే ఇది సాధ్యమే. మీ డ్రాయింగ్‌లో ఒకసారి చూడండి, దయచేసి.

కొత్త_డ్రాయింగ్
చూశాను మేడమ్. ఎనిమిది గదుల వెనక సర్వీసు సందు ఉంది. ఆ ప్యానెళ్లన్నీ అటువైపు తిప్పేయవచ్చు.

కవచం
ఎక్స్‌రే, ఎంఆర్ఐ గురించి క్లుప్తంగా. ఎక్స్‌రే గది గోడలో సాధారణంగా నేల నుంచి 2.1 మీటర్ల దాకా సీసం ఉంటుంది. ఆ ఎత్తు లోపల ప్యానెల్ పెడితే దానికీ గోడకున్నంత మందం సీసం ఉండాలి, అంచుల దగ్గర గోడ సీసంతో ఒకదాని మీద ఒకటి ఎక్కాలి. ఎంత మందమో రేడియేషన్ భద్రత అధికారి ఇచ్చిన లెక్క ప్రకారమే. ఎంఆర్ఐ గది అంతా ఒక రాగి పెట్టె లాంటిది, చిన్న సందు ఉన్నా బయటి రేడియో తరంగాలు దూరి ఇమేజ్ పాడవుతుంది. ఆ కవచం కట్టేవాళ్లను అడగకుండా అందులో ఏ ప్యానెలూ పెట్టకండి. అయస్కాంతం రాత్రీ పగలూ పనిచేస్తూనే ఉంటుంది, కాబట్టి మామూలు ఇనుప నిచ్చెన, పానా పట్టుకుని ఆ గదిలోకి వెళ్లి ప్యానెల్ తెరిచే పరిస్థితే రాకూడదు. సర్వీసులన్నీ బయటే ఆపండి.

నిచ్చెన_మనిషి
కొత్త_డ్రాయింగ్ గారూ, నేను ప్యానెళ్లు బిగించే పని చేస్తాను. ఫ్రేమ్ బిగించేటప్పుడు తలుపు మూసి, గడియ వేసి, నాలుగు వైపులా సందు సమానంగా ఉందా చూసి అప్పుడే స్క్రూ బిగించమనండి. తలుపు విప్పేసి ఉత్త ఫ్రేమ్ బిగిస్తే అది వంకర పోతుంది, తర్వాత తలుపు రాసుకుంటుంది. ఫ్రేమ్ జిప్సమ్ బోర్డుకు కాకుండా పక్కన ఉన్న లోహపు చానెల్‌కు పట్టాలి.

ఇంకోటి, పెయింటర్లు. పుట్టీ, రంగు సందులోకి వెళ్తే ఏడాది తర్వాత కత్తి పెట్టి కోయాలి, పట్టీ కూడా దానితోనే తెగుతుంది. రంగు పని అయ్యేదాకా అంచుకు టేపు వేయించండి. అప్పగించే రోజు మీరే దగ్గరుండి ప్రతి ప్యానెల్ తెరిపించి, మూయించండి.

సైట్_సూపర్
తాళాల సంగతి ఏంటి? ఒక్కో డిపార్ట్‌మెంట్‌కు ఒక్కో తాళం పెడదామని మా వాళ్లు అంటున్నారు.

షాఫ్ట్_కీపర్
దయచేసి వద్దు. నీళ్లు కారుతున్నప్పుడు గుత్తిలో తాళం చెవి వెతుక్కునే పరిస్థితి రాకూడదు. భవనమంతటికీ ఒకే చెవితో తెరుచుకునే తాళాలు పెట్టండి. మెయింటెనెన్స్ వాళ్ల దగ్గర ఒకటి, ప్రతి అంతస్తు నర్సింగ్ స్టేషన్‌లో ఒకటి, ఫైర్ కంట్రోల్ గదిలో ఒకటి. మానసిక చికిత్స వార్డుకు మాత్రం వేరేది. జనం తిరిగే కారిడార్లలో స్క్రూ డ్రైవర్ గడియ పెట్టకండి, దాన్ని నాణెంతో తెరవొచ్చు. ప్లాంట్ గదుల్లో మాత్రం అది చాలు.

ప్రతి ప్యానెల్‌కూ నంబరు ఇచ్చి, అదే నంబరు డ్రాయింగ్‌లోనూ మెయింటెనెన్స్ రిజిస్టరులోనూ రాయించండి. నేను రిటైరయ్యాక వచ్చే కుర్రాడికి చెప్పేవాళ్లు ఉండరు.

కొత్త_డ్రాయింగ్
రెండు వారాల తర్వాత వచ్చాను, క్షమించాలి. బెడ్ల మీద ఉన్న 31లో 26 కారిడార్‌కు, యుటిలిటీ గదులకు జరిపించాం. మిగిలిన ఐదింటికి సర్వీసులు కదలవు, వాటికి గాస్కెట్, 316 స్టీలు. మొత్తం 140 కాస్తా 112 అయ్యాయి. ఒకే లైను ఉన్న బీఓక్యూ ఇప్పుడు తొమ్మిది లైన్లు, ప్రతి ప్యానెల్‌కూ నంబరుతో షెడ్యూలు వేశాను. షాఫ్ట్‌లకు గంటన్నర లేబుల్ ఉన్నవి. ఐసొలేషన్ గదుల సీలింగ్‌లో ఒక్క ప్యానెల్ కూడా లేదు. మెయింటెనెన్స్ హెడ్ గారు షెడ్యూలు మీద సంతకం చేస్తూ, తనను డిజైన్ దశలో పిలవడం ఇదే మొదటిసారి అన్నారు.

ఒక సందేహం మిగిలింది. మెడికల్ గ్యాస్ జోన్ వాల్వు బాక్సులు (కొన్ని గదులకు ఆక్సిజన్ లాంటి గ్యాసును ఒకేసారి ఆపే వాల్వులు ఉండేవి) కారిడార్ గోడలో కనబడుతున్నాయి, వాటిని కూడా గోడ రంగు ప్యానెల్ వెనక దాచమని ఇంటీరియర్ వాళ్లు అడుగుతున్నారు.

షాఫ్ట్_కీపర్
ఒప్పుకోకండి. అది అత్యవసరంలో సిస్టరో డాక్టరో చేత్తో ఆక్సిజన్ ఆపాల్సిన చోటు. ఎన్ఎఫ్‌పీఏ 99 కూడా అది ఎప్పుడూ కంటికి కనబడాలనీ, తలుపు వెనక దాచకూడదనీ చెబుతుంది. దాని పారదర్శక మూత, దాని మీద ఏ గదులకు ఆ వాల్వో రాసిన పలక అలాగే ఉండాలి. పక్కన కారిడార్ తలుపు తెరిచి ఉంచినప్పుడు దాని చాటున పడిపోతోందేమో ఒకసారి ప్లాన్‌లో చూడండి.

కొత్త_డ్రాయింగ్
చూశాను సార్. మూడో అంతస్తులో ఒకటి సరిగ్గా తలుపు చాటునే పడుతోంది. ఇప్పుడే జరుపుతున్నాను.